సెట్ చేతిలో ఉండి రివర్‌లో 12,000 మాత్రమే కాశాను: ఇది పొదుపా, పొరపాటా?

మూడోవీధి:
అందరికీ నమస్కారం. గెలిచినా తృప్తి మిగల్చని ఒక హ్యాండును మీ ముందు ఉంచుతున్నాను. నో-లిమిట్ హోల్డెమ్ టోర్నమెంట్, బ్లైండ్లు (ముక్కలు పంచే ముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు) 1,000 మరియు 2,000, బల్ల మొత్తం తరఫున బిగ్ బ్లైండ్ చెల్లించే అదనపు పందెం, అంటే యాంటీ, 2,000. నేను కటాఫ్‌లో (డీలర్ బటన్‌కు సరిగ్గా ముందు సీటులో) 80,000 చిప్స్‌తో, అంటే సరిగ్గా 40 బిగ్ బ్లైండ్లతో ఉన్నాను. బిగ్ బ్లైండ్‌లో కూర్చున్న ఆటగాడి దగ్గర హ్యాండ్ మొదలయ్యే ముందు 90,000 ఉన్నాయి.

నాకు ఆఠీను ఏడు, కళావరు ఏడు వచ్చాయి. నేను 4,400కు రైజ్ చేశాను, అతను ఒక్కడే కాల్ చేశాడు, పాట్ (మధ్యలో పోగైన మొత్తం) 11,800 అయింది. ఫ్లాప్‌లో, అంటే అందరికీ ఉమ్మడిగా పరిచే మొదటి మూడు ముక్కల్లో, ఇస్పేటు రాజు, డైమండు ఏడు, ఇస్పేటు నాలుగు పడ్డాయి; మూడు ఏడులతో నాకు సెట్ కుదిరింది. అతను చెక్ చేశాడు, నేను 4,000 కాశాను, కాల్ వచ్చింది. టర్న్‌లో, అంటే నాలుగో ముక్కగా, ఆఠీను రెండు పడింది. 19,800 పాట్‌లో నేను 9,000 కాశాను, మళ్ళీ కాల్ వచ్చింది. రివర్‌లో, అంటే చివరి ముక్కగా, డైమండు జాకీ పడే సరికి పాట్ 37,800, నా వెనుక మిగిలినవి 62,600. అతను చెక్ చేశాక నేను కొంతసేపు ఆలోచించి 12,000 పెట్టాను. అతను రెండు సెకన్లు కూడా ఆగకుండా కాల్ చేసి రాజు, పది చూపించాడు.

నా స్టాక్ 1,12,400కు చేరింది. కానీ అతను కాల్ చేసిన వేగం చూశాక, ఇంతకు రెట్టింపు పెట్టినా కాల్ చేసి ఉండేవాడేమో అన్న సందేహం నన్ను వదలడం లేదు. పెద్దది కాస్తే పారిపోతాడేమోనన్న భయంతోనే చిన్నది కాశానని నిజాయితీగా ఒప్పుకుంటున్నాను. ఈ హ్యాండులో సరైన పరిమాణం ఏమిటి?

ఆఠీనురాజు:
ఆ బోర్డు మీద మిమ్మల్ని గెలిచేవి మూడు రాజులు, మూడు జాకీలు మాత్రమే. ఫ్లష్‌కు (ఒకే గుర్తువి ఐదు ముక్కలు) అవకాశం లేదు, స్ట్రెయిట్‌కూ (వరుసగా ఐదు ముక్కలు) లేదు. ఆ రెండు జతలతో చాలామంది ఫ్లాప్‌కు ముందే తిరిగి రైజ్ చేసి ఉంటారు. కాబట్టి ఆచరణలో మీ దగ్గర ఉన్నది తిరుగులేని చేయి. అటువంటి చేతితో పాట్‌లో మూడో వంతు కాయడమంటే ఎదుటివాడికి రాయితీ ఇవ్వడమే. నేనైతే మిగిలిన 62,600నూ ముందుకు తోసేవాణ్ని.

నిదానం:
ఆఠీనురాజు గారి ఉత్సాహాన్ని గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. రివర్‌లో అతని దగ్గర ఉండదగిన చేతులను ఒకసారి వరుసగా ఊహించండి. బలహీనమైన రాజు, ఏడు జత, ఎనిమిదుల జత, తొమ్మిదుల జత, దారి తప్పిన ఇస్పేటు డ్రాలు, అంటే ఫ్లష్ కోసం చూసి అది పూర్తికాని చేతులు. వీటిలో డ్రాలు దేనికీ కాల్ చేయవు. మధ్య రకం జతలు చిన్న పందేనికి మాత్రమే కాల్ చేస్తాయి. 12,000కు పదింట తొమ్మిది సార్లు కాల్ వస్తుందంటే నేను నమ్ముతాను. 62,600కు రాజు, పది పట్టుకున్నవాడు కూడా ముక్కలు పడేస్తాడు. అవ్వా కావాలి, బువ్వా కావాలి అంటే కుదరదు కదా.

లెక్కలపుస్తకం:
ఇద్దరూ కాల్ ఎన్నిసార్లు వస్తుందన్న అంచనా మీదే వాదిస్తున్నారు. ఆ అంచనా ఎవరికీ కచ్చితంగా తెలిసే అవకాశం లేదు కాబట్టి ప్రశ్నను కొద్దిగా తిప్పి అడుగుదాం: పెద్ద పందెం చిన్నదానికంటే మెరుగ్గా ఉండాలంటే కనీసం ఎన్నిసార్లు కాల్ రావాలి?

నిదానం గారి మాటనే ప్రమాణంగా తీసుకుని 12,000కు 90 శాతం కాల్ వస్తుందనుకుందాం. సగటున దక్కేది 10,800. అదే 26,000 కాస్తే, అంటే పాట్‌లో సుమారు 69 శాతం పెడితే, 41.5 శాతం సార్లు కాల్ వచ్చినా మనం సమానమవుతాం. ఆల్-ఇన్ చేసి 62,600 పెడితే 17.3 శాతం చాలు. అంటే ఆరుసార్లలో ఒక్కసారి కంటే కాస్త ఎక్కువగా ఎవరైనా కాల్ చేస్తే, మిగిలిన సార్లన్నీ ఫోల్డ్ అయినా మనకు నష్టం లేదు. బలమైన చేతితో చిన్నది కాసేవారు చూడని సంగతి ఇదే. ఫోల్డ్ అయినప్పుడు కలిగే నిరాశ కళ్ళ ముందు జరుగుతుంది, తక్కువ కాసి కాల్ చేయించుకున్నప్పుడు పోగొట్టుకున్నది ఎవరికీ కనిపించదు.

అయితే నేను ఆఠీనురాజు గారి పక్షం కూడా కాదు. నా దృష్టిలో ఈ హ్యాండులో రివర్ ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చిన ప్రశ్న. ఫ్లాప్‌లో పాట్ 11,800, మీ వెనుక 75,600. మూడు వీధుల్లోనూ, అంటే ఫ్లాప్, టర్న్, రివర్ పందేల్లో, కాల్ వస్తూ మొత్తం స్టాక్ లోపలికి వెళితే చివరి పాట్ 1,63,000 అవుతుంది. అది మొదటి పాట్‌కు సుమారు 13.8 రెట్లు. ప్రతి వీధిలోనూ పాట్ ఒకే నిష్పత్తిలో పెరగాలంటే 13.8కి ఘనమూలం తీయాలి, అది 2.4 వస్తుంది. పాట్ 2.4 రెట్లు కావాలంటే మీరు 0.7 రెట్లు పెట్టాలి, అతను మరో 0.7 రెట్లు పెడతాడు. అంటే ప్రతి వీధిలోనూ పాట్‌లో 70 శాతం కాస్తే రివర్‌లో చివరి పందెం సరిగ్గా మీ మిగిలిన స్టాక్ అవుతుంది: ఫ్లాప్‌లో 8,260, టర్న్‌లో సుమారు 19,800, రివర్‌లో సుమారు 47,500. ఎక్కడా వికృతంగా కనిపించే పందెం ఉండదు.

మీరు ఫ్లాప్‌లో 34 శాతం, టర్న్‌లో 45 శాతం కాశారు. ఫలితంగా రివర్‌లో మిగిలిన స్టాక్ పాట్‌కు 1.66 రెట్లు అయి కూర్చుంది. అప్పుడు మీకు మిగిలినవి రెండే దారులు. ఒకటి ఎదుటివాడిని ఉలిక్కిపడేలా చేసే, పాట్‌ను మించిన ఓవర్‌బెట్, రెండోది చిన్నదో పెద్దదో ఏదో ఒకటి కాసి మిగతా చిప్స్‌ను వెనుకే వదిలేయడం.

నిదానం:
లెక్కలపుస్తకం గారూ, ఒక చిన్న సందేహం. 37,800 పాట్‌లో 62,600 పెడితే మొత్తం 1,63,000లో 62,600, అంటే 38.4 శాతం అవుతుంది. అంటే 38 శాతం సార్లు కాల్ వస్తేనే ఆల్-ఇన్ లాభదాయకం అని కదా నేను ఇన్నాళ్ళూ చదువుకున్నది? మీరు 17 శాతం అంటున్నారు.

లెక్కలపుస్తకం:
రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. 38.4 శాతం అనేది కాల్ చేయాల్సినవాడి లెక్క: తాను అన్నిసార్లు గెలిస్తేనే అతని కాల్ నష్టం లేకుండా గడుస్తుంది. 17.3 శాతం అనేది మీ రెండు పందేల మధ్య పోలిక. మీ చేయి ఎప్పుడూ గెలుస్తుందనుకుంటే ఫోల్డ్ అయినా పాట్ మీదే, కాల్ వచ్చినా పాట్ మీదే. కాబట్టి పోల్చవలసింది అదనంగా వచ్చే మొత్తాన్ని మాత్రమే. ఈ రెండు సంఖ్యలు కలగలిసిపోవడం నేను చాలాసార్లు చూశాను, మొదట్లో నేనూ పొరబడ్డాను.

మరొక సంఖ్య కూడా ఉపయోగపడుతుంది. మన బ్లఫ్‌లు ఆపలేని లాభం కాకుండా ఉండాలంటే ఎదుటివాడు తన రేంజ్‌లో, అంటే తన దగ్గర ఉండదగిన చేతులన్నిటిలో, కనీసం ఎంత భాగాన్ని నిలబెట్టుకోవాలన్నది పాట్‌ను, పాట్ మరియు పందెం మొత్తంతో భాగిస్తే వస్తుంది. 12,000కు అది సుమారు 76 శాతం, 26,000కు 59 శాతం, 62,600కు దాదాపు 38 శాతం. ఆ స్థాయిలో కాపాడుకునే ఆటగాడిపై సగటున దక్కేవి వరుసగా 9,100, 15,400, 23,600. పందెం పెరిగేకొద్దీ లాభం పెరుగుతూనే ఉంది. ఎదుటివాడు పుస్తకం ప్రకారం ఆడడు అనడం సరైన అభ్యంతరమే, కానీ అప్పుడు అతను ఏ వైపు తప్పుతాడో చెప్పగలగాలి.

మూడోవీధి:
చాలా స్పష్టంగా వివరించారు, ధన్యవాదాలు. కానీ ఫ్లాప్‌లోనే 70 శాతం కాయాలన్న మాట నాకు మింగుడు పడటం లేదు. రాజు పడిన ఫ్లాప్‌లో కటాఫ్ నుంచి దాదాపు అన్ని చేతులతోనూ మూడో వంతు కాయడం మంచిదని నేర్చుకున్నాను. సెట్ వచ్చినప్పుడు మాత్రం పెద్దది కాస్తే, నా చేయి ఏమిటో నేనే చెప్పినట్టు కాదా?

కళావరురాణి:
మీ సందేహం న్యాయమైనది. ఈ ఒక్క విషయంలో లెక్కలపుస్తకం గారి వరుసను నేను కొంచెం సవరిస్తాను. రాజు పెద్దగా ఉన్న ఫ్లాప్‌లో ముందుగా రైజ్ చేసినవాడి రేంజ్‌లో ఆసు-రాజు, రాజు-రాణి, పెద్ద జతలు నిండుగా ఉంటాయి, బిగ్ బ్లైండ్ రేంజ్‌లో పనికిరాని ముక్కలు చాలా ఉంటాయి. అందువల్ల అన్ని చేతులతోనూ చిన్నది కాయడం సమర్థనీయమే. సెట్‌ను కూడా ఆ గుంపులోనే దాచుకోవచ్చు. మీ ఫ్లాప్ పందెంలో నాకు దోషం కనిపించలేదు.

దోషం టర్న్‌లో ఉంది. ఫ్లాప్‌లో కాల్ చేసినవాడి రేంజ్‌లోంచి చెత్త ముక్కలు ఇప్పటికే వెళ్ళిపోయాయి, మిగిలినవాటిలో రాజు ఉన్న చేతులు, ఇస్పేటు డ్రాలు గణనీయంగా ఉన్నాయి. ఆఠీను రెండు ఎవరికీ సహాయం చేయని ముక్క. ఇక్కడ పాట్ 19,800, వెనుక 71,600. రెండు వీధుల్లో సమ నిష్పత్తితో స్టాక్ లోపలికి వెళ్ళాలంటే ప్రతిసారీ పాట్‌లో సుమారు 93 శాతం కాయాలి. టర్న్‌లో 18,500 పెడితే పాట్ 56,800 అవుతుంది, వెనుక 53,100 మిగులుతాయి, రివర్‌లో ఆల్-ఇన్ పాట్ కంటే తక్కువగానే ఉంటుంది. అంటే ఫ్లాప్‌లో చిన్నది కాసినందువల్ల తలుపులు మూసుకుపోలేదు, టర్న్‌లో 9,000 పెట్టడం వల్ల సగం మూసుకున్నాయి.

ఇంకొక్క విషయం, ఇది పరిమాణం కంటే ముఖ్యమని నా అభిప్రాయం. మీ చేతిలోని ముక్కలు ఎదుటివాడికి ఏవి రాకుండా చేస్తున్నాయో చూడండి. బోర్డు మీద ఒక ఏడు, మీ దగ్గర రెండు, ఇక పేకలో మిగిలింది ఒకే ఒక్క ఏడు. అతని దగ్గర ఆసు-ఏడు ఉండే విధాలు 12 కాకుండా 4కు పడిపోయాయి. నిదానం గారు చిన్న పందేనికి కాల్ చేస్తారని చెప్పిన ‘ఏడు జత’ చేతులను మీరే దాదాపు తుడిచిపెట్టేశారు. మరోవైపు రాజు-పది ఉండే విధాలు 12కు 12 అలాగే ఉన్నాయి. పెద్ద పందేనికి కాల్ చేసే చేతులు నిండుగా ఉండి, చిన్న పందేనికి మాత్రమే కాల్ చేసే చేతులు తగ్గిపోయినప్పుడు ఎటు మొగ్గాలో వేరే చెప్పనక్కర లేదు.

అదే బోర్డు మీద మీ దగ్గర రెండు రాజులు ఉన్నాయనుకోండి. మీ చేయి మరింత బలమైనదే, కానీ పేకలో మిగిలిన రాజు ఒక్కటే. రాజు-పది 4 విధాలకు కుదించుకుపోతుంది. అప్పుడు ఎదుటివాడి దగ్గర ఏడు జత, చిన్న జతలు ఉండే అవకాశమే ఎక్కువ కాబట్టి చిన్న పందెమో, ఒక వీధిలో చెక్ చేయడమో అర్థవంతం అవుతుంది. అందరికంటే బలమైన సెట్‌తో నెమ్మదిగా, రెండో సెట్‌తో గట్టిగా ఆడాలన్నది వినడానికి తలకిందులుగా ఉన్నా కారణం ఇదే.

ఆఠీనురాజు:
ఏడు జత సంగతి నాకు తట్టనే లేదు, చాలా బాగా చెప్పారు. ఓవర్‌బెట్ వికృతం అన్న మాటకు మాత్రం నా అభ్యంతరం ఉంది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ కేసినోలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వారి లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్ళతో 20 రోజుల పాటు 1,20,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. పాట్‌కు ఎన్నో రెట్లు కాసే దాని పందేలే ఆ ఆటగాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టాయి. యంత్రానికి లేని మొహమాటం మనకెందుకు?

లెక్కలపుస్తకం:
ఆ ఉదాహరణ మంచిదే, కానీ దాన్ని ఇక్కడికి తెచ్చేటప్పుడు రెండు తేడాలు గుర్తుంచుకోవాలి. అక్కడ ఆట ఇద్దరి మధ్య, ప్రతి హ్యాండూ 200 బిగ్ బ్లైండ్లతో కొత్తగా మొదలయ్యేది. పాట్‌తో పోలిస్తే స్టాక్ అంత లోతుగా ఉన్నప్పుడు ఓవర్‌బెట్ లేకుండా డబ్బు లోపలికి వెళ్ళదు. టోర్నమెంటులో మనం ఎక్కువసేపు 20 నుంచి 40 బిగ్ బ్లైండ్ల మధ్యే ఉంటాం. ఇదే హ్యాండులో మీ స్టాక్ 40,000 ఉంటే, అంటే 20 బిగ్ బ్లైండ్లైతే, మూడు వీధులకు ఒక్కో వీధిలో పాట్‌లో 46 శాతం చాలు, రెండు వీధుల్లోనే ముగించాలనుకుంటే 83 శాతం. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, స్టాక్ చిన్నదైనప్పుడు చిన్న పందేలే మొత్తం పని చేసిపెడతాయి.

రెండోది, లిబ్రాటస్ ఆడిన ఆటలో బహుమతి నిచ్చెన లేదు. గెలిచిన చిప్ విలువ, ఓడిన చిప్ విలువ ఒకటే. మూడోవీధి గారూ, టోర్నమెంట్ ఏ దశలో ఉందో మీరు చెప్పలేదు.

మూడోవీధి:
అది చెప్పకపోవడం నా పొరపాటు. బహుమతి స్థానాలు మొదలవడానికి ఇంకా నలుగురు బయటకు వెళ్ళవలసి ఉంది. సగటు స్టాక్ సుమారు 60,000. మా బల్ల మీద మా ఇద్దరివే పెద్ద స్టాక్‌లు.

నిదానం:
చూశారా! నలుగురు బయటకు వెళితే చాలు డబ్బు చేతికి వస్తుందన్నప్పుడు ఎవరు 40 బిగ్ బ్లైండ్లకు ఒంటి జతతో కాల్ చేస్తారు?

నాలుగోసీటు:
ఇంతవరకూ మౌనంగా చదువుతున్నాను. ఈ వివరం వచ్చాక మాట్లాడక తప్పదు, ఎందుకంటే జవాబులో సగం దీనిలోనే ఉంది.

చిప్స్‌ను బహుమతి సొమ్ముగా మార్చి చూసే ఐసీఎం లెక్కకు మూలం, గుర్రప్పందేల వంటి పోటీలలో స్థానాల సంభావ్యతపై హార్విల్ 1973లో ఇచ్చిన సూత్రం. దాన్ని 1987లో మేసన్ మాల్ముత్ పోకర్ టోర్నమెంట్లకు అన్వయించారు. ఉదాహరణకు ముగ్గురు మిగిలారు, బహుమతులు 50, 30, 20 శాతాలు, చిప్స్ 5,000, 3,000, 2,000 అనుకుందాం. సగం చిప్స్ ఉన్న వ్యక్తి వాటా సగం కాదు, 38.4 శాతం. కొత్తగా గెలిచే ప్రతి చిప్ ఇప్పటికే ఉన్నదానికంటే చవకది.

దీని తీవ్రత తెలియాలంటే శాటిలైట్ (మరో పెద్ద టోర్నమెంటులో సీట్లే బహుమతిగా ఇచ్చే పోటీ) చూడండి. నలుగురు సమానమైన స్టాక్‌లతో ఉన్నారు, మూడు సమానమైన సీట్లు ఉన్నాయి. ఒక్కొక్కరి వాటా 75 శాతం. ఎవరైనా మీపై ఆల్-ఇన్ చేస్తే, కాల్ చేసి గెలిచి మీరు పొందేది మిగిలిన 25, ఓడి పోగొట్టుకునేది 75. అంటే నాలుగుసార్లలో మూడుసార్లు గెలిచే నమ్మకం లేనిదే కాల్ చేయకూడదు. మామూలు టోర్నమెంట్ బబుల్ (బహుమతి స్థానాలకు కాస్త ముందు దశ) ఇంత కఠినంగా ఉండదు కానీ దిశ ఇదే.

ఇక మన హ్యాండ్. ఇక్కడ రెండు వేర్వేరు భయాలు ఉన్నాయి, వాటిని కలపకూడదు. మొదటిది, మూడోవీధి గారు తాను ఓడిపోయి బయటకు వెళతానేమోనని పడే భయం. ఆ బోర్డు మీద దానికి ఆధారం లేదు. రెండోది, ఎదుటివాడు బయటకు వెళతానేమోనని పడే భయం. ఇది నిజమైనది. యాంటీ పోగా అతని దగ్గర 88,000 ఉన్నాయి. మీ ఆల్-ఇన్‌కు కాల్ చేసి ఓడితే అతనికి మిగిలేది 8,000, అంటే నాలుగు బిగ్ బ్లైండ్లు. సగటుకంటే ఎంతో పైన ఉన్నవాడు ఒక్క హ్యాండుతో బల్ల మీద అతి చిన్న స్టాక్‌గా మారే ప్రమాదాన్ని రాజు-పదితో స్వీకరించడు, స్వీకరించకూడదు కూడా. కాబట్టి బబుల్‌లో బలమైన చేతితో పందెం తగ్గించడానికి సరైన కారణం మన భద్రత కాదు, అతని కాల్.

అయితే ఎంత తగ్గించాలి? లెక్కలపుస్తకం గారి పద్ధతే వాడదాం. 19,000 కాస్తే, అంటే సగం పాట్ పెడితే, 12,000తో సమానం కావడానికి 57 శాతం కాల్స్ కావాలి. కాల్ చేసి ఓడినా అతనికి 51,600, అంటే దాదాపు 26 బిగ్ బ్లైండ్లు మిగులుతాయి. రాజు ఉన్న చేతులు ఆ ధరకు ఫోల్డ్ అవుతాయని నేను అనుకోను. అందుచేత నా జవాబు 19,000 నుంచి 22,000 మధ్య. టర్న్‌లో కూడా 18,500 కాకుండా 11,000 నుంచి 13,000. మూడు వీధుల్లో మొత్తం స్టాక్ లోపలికి పంపాలన్న ప్రణాళిక బబుల్‌కు చాలా ముందు, లేదా బహుమతులు మొదలయ్యాక అందరూ ఊపిరి పీల్చుకున్న తర్వాత అద్భుతంగా పనిచేస్తుంది.

కళావరురాణి:
నాలుగోసీటు గారితో తొంభై శాతం ఏకీభవిస్తున్నాను. మిగిలిన పది శాతం ఇది. బబుల్‌లో అందరూ పెద్ద పందేలకు ఫోల్డ్ అవుతారని అందరికీ తెలుసు, అందువల్లే పెద్ద స్టాక్ ఉన్నవారు అక్కడ విపరీతంగా బ్లఫ్ చేస్తారు. ఆ సంగతి ఎదుటివాడికీ తెలిస్తే, మీ పెద్ద పందెం అతనికి బలంగా కాకుండా బెదిరింపుగా కనిపించవచ్చు. గత గంటలో మీరు ప్రతి హ్యాండూ రైజ్ చేస్తూ బల్లను నొక్కిపెట్టి ఉంటే 30,000 కూడా సమంజసమే. గంటసేపు ముడుచుకుని కూర్చుని ఇప్పుడు ఒక్కసారిగా 30,000 పెడితే మాత్రం పసిపిల్లవాడు కూడా ఫోల్డ్ చేస్తాడు.

మూడోవీధి:
నేను ముడుచుకుని కూర్చున్నవాణ్నే.

ఆఠీనురాజు:
అయితే నా ఆల్-ఇన్‌ను వెనక్కి తీసుకుంటున్నాను. 12,000 తక్కువే అన్న మాటను మాత్రం వెనక్కి తీసుకోను.

నిదానం:
57 శాతం అన్న సంఖ్య చూశాక నేనూ కొంత కదిలాను. 12,000కు 90 శాతం కాల్ వస్తుందని చెప్పింది నేనే. 19,000కు ఆ చేతుల్లో మూడో వంతు మాయమైనా ఇంకా 60 శాతం మిగులుతుంది. కానీ ఒక విషయం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. చిన్న పందెం కాసినప్పుడు ఎదుటివాడు రాజు-జాకీ వంటి రెండు జతలతో రైజ్ చేసే అవకాశం ఉంది. అప్పుడు 12,000 అన్నది ముగింపు కాదు, ఆరంభం.

లెక్కలపుస్తకం:
నిజమే. రాజు-జాకీ ఉండే విధాలు 9. అందులో సూటెడ్‌గా, అంటే రెండూ ఒకే గుర్తువిగా, ఉండేవి రెండే, కాబట్టి చాలావరకూ అతని రేంజ్‌లో ఉండాలంటే అతను ఆఫ్‌సూట్ రాజు-జాకీతో కూడా తిరిగి రైజ్ చేయకుండా కాల్ చేసేవాడై ఉండాలి. ఆ 9లో మూడో వంతు సార్లు రైజ్ వచ్చినా చిన్న పందేనికి కొంత విలువ చేరుతుంది. అయితే బబుల్‌లో, రివర్‌లో, రైజ్ చేయడానికి ముందుకు వచ్చేవారు అరుదు. అదే చేతులు 19,000కు కూడా తప్పక కాల్ చేస్తాయి కాబట్టి అక్కడి నుంచి వచ్చే తేడా స్వల్పమే.

నాలుగోసీటు:
పరిమాణం గురించి మాట్లాడుతున్నాం కాబట్టి, బల్ల దగ్గర ఎదురుగా కూర్చుని ఆడేవారికి ఒక హెచ్చరిక. ఒకసారి నా సెట్ మీద ఎదుటివాడు 8,000 కాశాడు. 25,000కు రైజ్ చేయాలనుకుని, నోరు తెరవకుండా ఒకే ఒక్క 25,000 చిప్‌ను ముందుకు జరిపాను. డీలర్ దాన్ని కాల్‌గా ప్రకటించి 17,000 వెనక్కి ఇచ్చాడు. నిబంధన ప్రకారం అతనిదే సరి: ఎదురుగా పందెం ఉన్నప్పుడు మాట లేకుండా ఒకే పెద్ద చిప్ వేస్తే అది కాల్ మాత్రమే. ఎదురుగా పందెం లేనప్పుడు అదే చిప్ వేసి ఉంటే పూర్తి 25,000 పందెంగా లెక్కకు వచ్చేది. అప్పటి నుంచి చిప్స్ ముట్టుకునే ముందే సంఖ్యను పైకి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఎంత కాయాలో పది నిమిషాలు నేర్చుకుని, దాన్ని పలకడం మరచిపోవడం కంటే హాస్యాస్పదం మరొకటి లేదు.

మూడోవీధి:
ఆ హెచ్చరికకు ప్రత్యేక ధన్యవాదాలు. నిజానికి నేను 12,000 ఎంచుకోవడానికి ఒక కారణం నా ముందు 1,000 చిప్స్ సరిగ్గా పన్నెండు ఉండటమే అని ఇప్పుడు గుర్తుకు వస్తోంది!

చివరిగా ఒక ప్రశ్న. టర్న్‌లో ఆఠీను రెండుకు బదులు ఇస్పేటు రెండు పడి ఉంటే? బోర్డు మీద మూడు ఇస్పేట్లు, నా దగ్గర ఇస్పేటు లేదు. బహుమతి స్థానాలు చాలా దూరంలో ఉన్నాయనే అనుకుందాం. అప్పుడు కూడా టర్న్‌లో 93 శాతం కాయాలా?

కళావరురాణి:
వద్దు. ఆ ముక్క పడిన వెంటనే మీ చేయి తిరుగులేనిది కాకుండా పోయింది. స్టాక్ మొత్తం లోపలికి పంపే నిష్పత్తి, ఆ స్టాక్ లోపలికి వెళ్ళాక మనమే ఎక్కువసార్లు గెలుస్తామన్నప్పుడే వర్తిస్తుంది. ఇప్పుడు 18,500 కాస్తే కాల్ చేసేవాటిలో ఫ్లష్‌లు, పెద్ద ఇస్పేటు ఒకటి పట్టుకున్న చేతులు ఎక్కువగా, ఇస్పేటు లేని రాజులు తక్కువగా ఉంటాయి.

అయినా చెక్ చేసి వదిలేయమని నేను అనను. ఒక్క ఇస్పేటు ఆసో రాణో పట్టుకున్నవాడు ఇంకా డ్రాలోనే ఉన్నాడు, అతనికి ఉచితంగా రివర్ చూపించడం అనవసరపు దానం. పాట్‌లో మూడో వంతు నుంచి నలభై శాతం వరకు, అంటే 7,000 లేదా 8,000 కాస్తే, అటువంటి చేతులూ, ఇస్పేటు లేని రాజులూ కాల్ చేస్తాయి. మీరు ఇప్పటికే వెనుకబడి ఉన్నా దారి పూర్తిగా మూసుకుపోలేదు. మిగిలిన ఒక్క ఏడు, మూడు రాజులు, మూడు నాలుగులు, మూడు రెండ్లు కలిపి 46 ముక్కల్లో 10 మీకు ఫుల్ హౌస్‌నో, ఫోర్ ఆఫ్ ఎ కైండ్‌నో ఇస్తాయి, అంటే 21.7 శాతం. అందుకే మీ 7,000 మీద అతను 20,000 దాకా రైజ్ చేస్తే వెంటనే ఫోల్డ్ చేయవద్దు. మీరు మరో 13,000 పెట్టి 46,800 గెలవాలి, దానికి కావలసింది 21.7 శాతమే. ఫుల్ హౌస్ వచ్చినప్పుడు అతని ఫ్లష్ నుంచి రివర్‌లో ఇంకొంత రాబట్టవచ్చు, పైగా అతని రైజ్‌లో అప్పుడప్పుడు ఇస్పేటు ఆసు ఒక్కటే పట్టుకున్న బ్లఫ్ కూడా ఉంటుంది. అతను నేరుగా ఆల్-ఇన్ చేస్తే మాత్రం ఆ లెక్క నిలబడదు. అప్పుడు అతను అక్కడ ఎంత తరచుగా బ్లఫ్ చేస్తాడన్నదే మిగిలే ప్రశ్న, నా అనుభవంలో చాలామంది చేయరు.